టైలరమ్మ కుట్టిన చొక్కా

పొద్దున్నే దుకాణం తలుపు తీసేసరికి మెట్ల మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉండేవారు, చొక్కాలు మడిచి చంకలో పెట్టుకుని. టైలరమ్మ కుట్టిన బట్ట వేసుకుని అబద్ధమాడితే కుట్లు విడిపోతాయి. చంక కింద విడితే చిన్న అబద్ధం. భుజాల కింద వీపు మీది అడ్డకుట్టు విడితే పెద్దది. ఆమె చూసి, సరిపోయే దారం వెతికి, మళ్లీ కుట్టి ఇచ్చేది. ఆరాలు తీసేది కాదు.

"వంట బావుందన్నావా మీ ఆవిడతో?" అని మాత్రం ఎప్పుడైనా అనేది.

"అత్తగారు కూడా ఉన్నారు పెద్దమ్మా. తప్పలేదు."

ఆమె కొడుకు ఇళ్ల బ్రోకరు. ఆ పనిలో చేరిన మర్నాటి నుంచీ కొన్న చొక్కాలే వేసుకున్నాడు. ఆఫీసువాళ్లు అవే వేసుకోమన్నారని చెప్పాడు. ఆ మాట చెప్పింది కూడా కొన్న చొక్కాలోనే.

డెబ్బై ఎనిమిదో ఏట ఆమె పెద్దపేగులో గడ్డ బయటపడింది. క్యాన్సరన్నారు. పరీక్షలన్నీ అయ్యాక, డాక్టరు గదికి మెట్లెక్కలేవంటూ ఆమెను కింద బల్ల మీద కూర్చోబెట్టి కొడుకొక్కడే వెళ్లొచ్చాడు.

"పొట్ట కోసి తీస్తారటమ్మా, ఇక్కడే. చిన్న కన్నాలు పెట్టి చేసేది వయసులో ఉన్నవాళ్లకేనట. నీకు కుదరదన్నారు."

"డాక్టరే అన్నాడా?"

"ఆయన అనక నేనంటానా? అయినా నీ పొట్ట మీద గీత పడితే ఇప్పుడెవరు చూడొచ్చారు?"

ఆమె వాడి మెడ దగ్గర చూసింది. కాలరు లోపల ఏదో కంపెనీ పేరు.

"మొన్న కుట్టిచ్చిన చొక్కా ఉందిగా. అది వేసుకుని ఇదే మాట ఇంకోసారి చెప్పు."

"నీకు చాదస్తం ముదిరింది," అంటూ వాడు ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఫోనులో అవతల ఎవరూ లేరు. అది తెలుసుకోవడానికి ఆమెకు కుట్లతో పనిలేదు.

మర్నాడు ఒక్కతే ఆస్పత్రికి వెళ్లి, మలుపు మలుపుకీ ఆగుతూ మెట్లెక్కింది. డాక్టరు ఒంటి మీద తెల్లకోటు ఆమె కుట్టిందే.

"మీవాడికి అన్నీ చెప్పానే," అన్నాడు డాక్టరు. "మీ గుండె, ఊపిరితిత్తులు బావున్నాయి. కన్నాలు పెట్టి చేస్తే నొప్పి తక్కువ, తొందరగా లేచి తిరుగుతారు. మీ వయసులో మంచాన పడి ఉంటేనే నాకు భయం. కాకపోతే ఆపరేషన్‌కి ఎక్కువసేపు పడుతుంది. మధ్యలో వీలుపడకపోతే పొట్ట తెరవక తప్పదు. అది చేసే డాక్టరు పక్క ఊళ్లో ఉంటాడు, వెంట ఎవరైనా ఉంటే మంచిదన్నాను. మీవాడు ఆలోచిస్తానన్నాడు."

కోటు చెక్కుచెదరలేదు.

"అయితే బతుకుతానా?"

డాక్టరు ఒకసారి తన భుజం వైపు చూసుకున్నాడు. "బతుకుతారనే అనుకుంటున్నాను," అన్నాడు జాగ్రత్తగా.

ఆమె సంచీ సర్దుకుని పక్క ఊరి బస్సెక్కింది. వెంట ఎవరూ వెళ్లలేదు. కన్నాలతోనే పని అయిపోయింది. మర్నాడే నర్సు చెయ్యి పట్టుకుని వరండాలో నడిచింది. కట్టు మార్చేటప్పుడు తల వంచి డాక్టరు వేసిన కుట్లు చూసుకుని, "పర్లేదు, చెయ్యి తిరిగినవాడే," అంది.

ఇంటికి పంపే రోజున కొడుకు ఫోన్ చేశాడు. "కారు తెస్తున్నానమ్మా. వీధిలో అందరూ నీ గురించే అడుగుతున్నారు."

"నేను కుట్టింది వేసుకుని రా. లేకపోతే ఇక్కణ్నుంచి కదలను."

వేసుకునే వచ్చాడు. నోరు మూసుకుంటే ఏ కుట్టూ విడదని వాడికి చిన్నప్పుడే తెలుసు. పలకరించకుండా సంచీ భుజానికి తగిలించుకున్నాడు. చెప్పులు తెచ్చి మంచం కింద పెట్టాడు. అంతలో నర్సు కాగితాలు పట్టుకుని వచ్చింది.

"ఇంట్లో ఈవిణ్ని ఎవరు చూసుకుంటారు? ఎవరూ లేకపోతే కోలుకునేవాళ్ల కోసం మా వసతిగృహం ఉంది. అక్కడికి పంపిస్తాం."

వాడు తల్లిని చూశాడు. తల్లి వాణ్నే చూస్తోంది. ఆమె కుట్ల సంగతి ఈపాటికి వార్డంతా తెలుసు, పక్క మంచాలవాళ్లు కూడా చూస్తున్నారు.

"నేనే చూసుకుంటాను," అన్నాడు. "నేనుండగా ఇంకెవరు కావాలి?"

వీపు కుట్టు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పర్రున విడిపోయింది. పక్క మంచం ముసలాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నర్సు ఇంటి అడ్రసు కొట్టేసి, వసతిగృహం పేరు రాసింది.

"గట్టి దారమే వేశాను," అంది తల్లి. తర్వాత నర్సును సూదీ దారం అడిగింది. "ఇటు తిరిగి కూర్చో."

వాడు మంచం అంచున వీపు తిప్పి కూర్చున్నాడు. ఆమె ఒక మోచేత్తో పొట్ట అదుముకుంటూ, తొందరపడకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్టింది. దారం పళ్లతో కొరికింది.

"వీధిలోవాళ్లు అడిగితే ఏం చెప్పనమ్మా?"

"దారిలో ఎవరితోనూ మాట్లాడకు. ఇంటికెళ్లి చొక్కా మార్చుకుని, నీ ఇష్టమొచ్చింది చెప్పుకో."