రెండు గంటల పది నిమిషాలు

స్టూడియోలో ఆమెను అందరూ చిన్న కత్తెర అంటారు. పెద్ద కత్తెర వాళ్ల నాన్న. ముప్పయ్యేళ్లు రేడియోలో కూర్చుని, వార్తలు చదివేవాళ్ల టేపుల్లోంచి దగ్గులూ తడబాట్లూ ఊపిర్లూ కత్తిరించిన మనిషి. పక్కగదిలో చీమ తుమ్మినా ఏ చీమో చెప్పేస్తాడని తోటివాళ్లు వేళాకోళం చేసేవారు. ఆ విద్యే కూతురికీ అబ్బింది. చదివి రికార్డు చేసిన పుస్తకాలను ఆమె కంప్యూటర్లో శుభ్రం చేస్తుంది. బ్లేడు పోయింది, అతికించే టేపు పోయింది, సూత్రం మాత్రం నాన్న చెప్పిందే. వినేవాడికి మాట వినపడాలి, చదివేవాడి ఊపిరి వినపడకూడదు.

ఆరేళ్ల కిందట పెద్దాయనకు పార్కిన్సన్స్ వచ్చింది. ముందు కుడిచేతి బొటనవేలు వణికింది, తర్వాత చెయ్యంతా. నడక చిన్నదైపోయింది, గొంతు చిన్నదైపోయింది. మొహం మీదికి నవ్వు రావడం కూడా మానేసింది. లోపల నవ్వుతున్నాడో లేదో తెలియాలంటే కళ్లలోకి తొంగిచూడాల్సిందే. గురక మాత్రం తగ్గలేదు, ఆ ఒక్కటీ పాత రోజుల్లాగే ఇల్లెగరగొట్టేది. రాత్రుళ్లు కలవరింతలూ మెలకువలూ, పగలేమో కూర్చున్నచోటే కునుకు, ముద్ద నోట్లో ఉండగానే కునుకు.

"ఒక రాత్రి ఆయన నిద్ర రికార్డు చేసి పట్రండి, విందాం," అన్నాడు డాక్టరు.

ఆ మాటకు చిన్న కత్తెరకు ప్రాణం లేచొచ్చింది. ఆరేళ్లుగా ఆ జబ్బు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషికి, హమ్మయ్య, తనకొచ్చిన పని ఒకటి దొరికింది. మంచి మైకు తెచ్చి తలగడ పక్కన పెట్టింది. పొద్దున్నే ఆ ఫైలు స్టూడియోకు పట్టుకెళ్లింది. అక్కడే కొంప మునిగింది.

ఎవరూ చెయ్యమనలేదు. అలవాటు, అంతే. ఆమె కంప్యూటర్లో ఒక జల్లెడ ఉంది. అందులో ఏ ఫైలు పోసినా, సెకను దాటిన నిశ్శబ్దాలన్నీ కోసి అవతల పారేసి, మిగిలింది కుట్లు కనపడకుండా అతికించి ఇస్తుంది. పాపం, డాక్టరుగారికి తీరికెక్కడిది, ఖాళీలన్నీ ఆయనెందుకు వినాలి అనుకుంది మహాతల్లి. నాన్న నిద్రను ఆ జల్లెడలో పోసేసింది. అలా చేశానని చెప్పాలని కూడా తోచలేదు. తలుపు తీస్తే మళ్లీ వేశామని ఎవరికైనా చెప్తామా?

డాక్టరు నాలుగైదు చోట్ల నొక్కి విన్నాడు. ఎక్కడ నొక్కినా గురకే, గురక వెనక గురక. "ఊపిరి ఆగుతోందేమోనని నా అనుమానం. ఆ గొడవేం లేదు, నిక్షేపంలాంటి గురక," అన్నాడు. "కలవరింతలూ మెలకువలూ అంటున్నారుగా, ఈ మాత్ర వేయండి. ఒళ్లు తెలీకుండా పడుకుంటారు."

పడుకున్నాడు, కాదనడానికి లేదు. కానీ మూడు వారాలు తిరిగేసరికి పగలు మరీ మొద్దుబారిపోయాడు. నాలుగడుగులేస్తే ఆయాసం. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. తల్లి మొహం కూడా పీక్కుపోయింది. "నీకేమైందే అమ్మా?" అంటే, "వయసు కాదూ," అని వంటింట్లోకి వెళ్లిపోయేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, పుస్తకాలు చదివే పెద్దమనిషి ఒకాయన స్టూడియోకు వచ్చి ఎగిరిపడ్డాడు. "తల్లి చచ్చిపోయిందని కొడుక్కి తెలిసే చోట నేను అయిదు సెకన్లు ఆగానమ్మా! కావాలనే ఆగాను. మీరు దాన్ని కోసేసి, చచ్చిపోయింది అన్న వెంటనే బస్సెక్కించేశారు వాణ్ణి. మీకు మనసుందా, మిషనుందా?"

ఆమె క్షమించమని అడిగి, ఆ అయిదు సెకన్లూ తిరిగి పెట్టడానికి అసలు ఫైళ్లున్న చోటు తెరిచింది. దాని కిందే ఉంది, నాన్న నిద్ర. కోయనిది ఏడు గంటల యాభై నిమిషాలు. కోసింది అయిదు గంటల నలభై.

రెండు గంటల పది నిమిషాలు ఏమయ్యాయి?

ఊపిరికీ ఊపిరికీ నడుమ అందరికీ కాస్త ఎడం ఉంటుంది, అదే అయ్యుంటుందని తనకు తనే సర్దిచెప్పుకుంది. రికార్డింగు బూత్‌లోకి వెళ్లి తలుపేసుకుని, హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, కోయనిది పెట్టింది. గురక, గురక, గురక. తర్వాత ఏమీ లేదు. తెర మీద గీత చదునుగా సాగింది. పది సెకన్లు, ఇరవై, ముప్పై. ఆమె కూడా ఊపిరి బిగబట్టేసింది, ఆ సంగతి ఆమెకే తెలియలేదు. నలభై నాలుగో సెకను దగ్గర, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు, హప్పుమని నాన్న గాలి మింగాడు. మళ్లీ గురక. నిమిషం తిరక్కుండా మళ్లీ నిశ్శబ్దం.

అలాంటివి ఆ ఫైలు నిండా ఉన్నాయి. ఆమె కోసి పారేసింది వాటినే.

ధ్వని పెంచింది. ఎందుకు పెంచిందో ఆమెకే తెలియదు. ఫ్యాను రెక్కల చప్పుడు వినబడింది, గోడ గడియారం వినబడింది. ఆ అడుగున, ఇంకా అడుగున, ఒక గొంతు. గదిలో ఇంకెవరో ఉన్నారనిపించింది. ఇంకాస్త పెంచింది.

"పీల్చండి... ఊఁ... పీల్చండి... నా మాట వినండి, పీల్చండి..."

అమ్మ. గుసగుసగా అమ్మ. తర్వాత దుప్పటి చప్పుడు, భుజం పట్టి తోసిన చప్పుడు, హప్పుమని ఊపిరి. ఆ గొంతు ప్రతి నిశ్శబ్దంలోనూ ఉంది. మూడింటికీ ఉంది, నాలుగున్నరకూ ఉంది. జల్లెడ దాన్ని కూడా నిశ్శబ్దమనే అనుకుంది.

ఎలా ఇంటికొచ్చిందో తెలియదు. నాన్న మధ్యాహ్నం నిద్రలో ఉన్నాడు. తల్లి మంచం పట్టె మీద కూర్చుని, ఆయన డొక్క మీద చెయ్యేసి, గోడకేసి చూస్తోంది.

"ఎన్నాళ్ల నుంచే?"

తల్లి ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది, దొంగతనం బయటపడ్డట్టు. "ఏంటే?"

"నాన్నకి ఊపిరి ఆగడం, నువ్వు తోయడం. ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లుంటుందేమో."

"నాతో ఒక్క ముక్క చెప్పకూడదటే?"

"ముందు గురకలో అంతేనేమో అనుకున్నా. నువ్వు రికార్డు చేస్తానంటే, పోన్లే, దాన్లోనే తెలుస్తుందిలే అని ఊరుకున్నా. డాక్టరేమో విని ఏం లేదన్నాడాయె. అంత చదువుకున్నాయన విని, నువ్వు విని ఏం లేదంటే, మరి నాదే చాదస్తం అనుకోనా?" తల్లి కొంగు వేలికి చుట్టుకుంది. "కాకపోతే ఆ మాత్ర మొదలెట్టాక ఒక్క తోపుకి లేవట్లేదే. మొన్న నాలుగుసార్లు తోశాను."

చిన్న కత్తెర తల్లి పాదాల దగ్గర కూలబడి, "నేనే అమ్మా, నేనే కోసేశాను," అని ఏడ్చింది. తల్లికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రమే డాక్టరు ముందు కోయని ఫైలు పెట్టింది. ఆయన మొదటి నిశ్శబ్దం పూర్తిగా విన్నాడు. రెండోది సగంలో ఆపేసి, "ఈ పూట నుంచీ ఆ మాత్ర బంద్," అన్నాడు. ఆమెను తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. "ఒక్క రికార్డింగు నమ్మి మాత్ర రాయడం నా తప్పు కూడా," అన్నాడు.

తర్వాత ఆస్పత్రిలో ఒంటినిండా వైర్లు తగిలించి ఒక రాత్రి పడుకోబెట్టారు. గంటకు నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగింది. గుండె స్కానింగు కూడా తీశారు. గుండె గోడ మందమెక్కింది, రక్తం తోసే బలం తగ్గింది.

"గాలి అందని ప్రతిసారీ గుండె రెట్టింపు చాకిరీ చేయాలి," అన్నాడు డాక్టరు. "మామూలు వాళ్లకే కష్టం. ఈ పార్కిన్సన్స్‌లో గుండెకెళ్లే నరాలు కూడా దెబ్బతింటాయి, వేగం పెంచాల్సినప్పుడు గుండె పెంచలేకపోతుంది. రోజూ రాత్రి మాస్కు పెట్టుకోవాలి. పెట్టుకుంటే మిగిలిన బలాన్ని కాపాడొచ్చు. లేదంటే ఏదో ఒక రాత్రి మీ అమ్మగారు ఎన్నిసార్లు తోసినా లాభం ఉండదు."

ఆ వారమంతా ఆమెకు నిశ్శబ్దమంటే హడలు. ఫోన్లో అవతలి మనిషి మాట వెతుక్కోవడానికి ఆగితే ఒళ్లు చల్లబడేది. కుళాయి కట్టేస్తే పరుగెత్తుకెళ్లి నాన్న గదిలోకి తొంగిచూసేది. నాన్నకు చెప్పకుండా ఉండలేకపోయింది.

ఆయన కదలని మొహంతో అంతా విన్నాడు. "ఎంత దాటితే కోయమన్నావ్?" అన్నాడు చిన్న గొంతుతో.

"సెకను, నాన్నా."

"నేనైతే అర సెకనే పెట్టేవాణ్ణి," అన్నాడు. కళ్లలో నవ్వుందేమోనని ఆమె తొంగిచూసింది. లేదు. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వణుకుతూనే ఉంది.

మాస్కు మిషను ఇంటికొచ్చింది. ఆ పట్టీలు ఆయన వేళ్లకు లొంగవు గనక కూతురే బిగించింది. మిషను సన్నగా బుసకొడుతూ గాలి తోసింది. ఆయన ఛాతీ పైకి లేచింది, దిగింది, మళ్లీ లేచింది. ఒక్క ఖాళీ కూడా లేదు. తల్లి కూర్చుని గంటసేపు చూసింది. "నువ్వు పడుకోవే, నేనున్నాగా," అని కూతురంటే, "ఊఁ, ఊఁ," అంటూ అలాగే ఒరిగిపోయింది.

తెల్లారి ఎండ గదిలోకి వచ్చేసింది. చిన్న కత్తెర పాలు పొయ్యి మీద పెడుతుండగా, నాన్న పిలిచాడు. ఆ జబ్బు గొంతుకు అది పెద్ద కేకే.

పరుగెత్తింది. ఆయన మాస్కు లాగేసుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు. పక్కన తల్లి కాలూ చెయ్యీ కదపకుండా, నోరు కొద్దిగా తెరిచి పడి ఉంది. ఆయన ఆమె ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాడు. చెయ్యి ఆగదాయె, వణుకుకు గాలి తగులుతోందో లేదో తెలియడం లేదు. ఎడమ చేత్తో కుడిచెయ్యి పట్టి ఆపాలని చూస్తున్నాడు. రెండూ కలిసి వణుకుతున్నాయి.

"చూడవే, చూడు. మీ అమ్మ లేవట్లేదు. నాకేం వినపట్లేదు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని తల్లి నోటి దగ్గర చెవి పెట్టింది. మిషను చప్పుడు అడ్డొస్తే కట్టేసింది. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా, వెచ్చగా, గాలి చెవికి తగిలింది. మళ్లీ తగిలింది.

"నిద్రపోతోంది నాన్నా. అంతే. నిద్రపోతోంది."

ఆయన నమ్మలేదు. ఆమె ఆయన చేతిని తీసుకెళ్లి తల్లి డొక్క మీద ఆనించి, పైన తన చెయ్యి పెట్టి అదిమింది. కింద పక్కటెముకలు లేచాయి, దిగాయి. ఆయన చాలాసేపు అలాగే ఉన్నాడు. కదలని ఆ మొహం మీదుగా కన్నీళ్లు గడ్డం దాకా కారాయి.

"రెండేళ్లూ ఇలాగే కూర్చుందా?" అన్నాడు.

"అవును నాన్నా," అంది ఆమె.