మెట్ల కింద ఇరవై నాలుగు సీసాలు

దైవాశీర్వాదం గారు ప్రార్థన మొదలుపెడితే ఆమేన్ ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. మా బెంటన్‌విల్ తెలుగు చర్చిలో ఆయన పెద్ద. మనిషి మంచివాడే. కానీ ఆ శుక్రవారం సాయంత్రం నా ఇంట్లోనే, మెట్ల కింద క్లోజెట్‌లో, చీకట్లో, చేతిలో పేలడానికి సిద్ధంగా ఉన్న సీసాతో నిలబడి ఆ ఆమేన్ కోసం నేను ఎదురుచూసినంతగా ఈ ఆర్కాన్సాలో ఇంకెవరూ ఎదురుచూసి ఉండరు.

నేను అక్కడికెలా చేరానో చెప్పాలి. నేను ఇంట్లో సైడర్ తయారుచేస్తాను. ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే తేలికపాటి మద్యం, అంతే. అక్టోబర్‌లో ఊరి బయట తోటలో ఆర్కాన్సా బ్లాక్ ఆపిల్స్ రెండు పెట్టెలు కొన్నాను. తొక్క దాదాపు నల్లగా ఉంటుంది, కొరికితే పళ్లు కదిలేంత గట్టి. నా భార్య రూతు ఇంట్లో లేని శనివారం చూసి ముక్కలు కోశాను, రసం తీశాను, బకెట్‌లో పోసి ఈస్ట్ చల్లి మూత బిగించి మెట్ల కింద క్లోజెట్‌లో పెట్టాను. మర్నాటికి మూత మీది గొట్టంలో మొదటి బుడగ లేచింది. తర్వాత ఆరు సెకన్లకొకటి. చాప మీద కూర్చుని లెక్కపెట్టాను.

ఆఫీస్‌లో పదకొండేళ్లుగా నేనేం తయారుచేస్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఈరోజు రాసింది రేపు ఎవరో మార్చేస్తారు. ఇది మాత్రం నా చేతులతో నేను చేసింది. మడ్డి అడుగుకి దిగి, రసం తేటపడి, గ్లాసు వెనక పెట్టిన కాగితం మీద అక్షరాలు కనిపించిన రోజు పట్టరాని సంతోషం కలిగింది. నేను తాగేది వారానికి అర గ్లాసు. చేయడమే నాకిష్టం.

ఆ సంతోషం చెప్పుకోవాల్సిన మనిషికే చెప్పలేకపోయాను. రూతు తండ్రి తాగి తాగి పోయాడు. పాలకొల్లులో పెళ్లిచూపుల నాడు ఆమె నన్ను కట్నం సంగతీ, వీసా సంగతీ ఏమీ అడగలేదు. "మనింట్లో సీసా ఉండకూడదండి" అంది. సరేనన్నాను. ఎనిమిదేళ్లు మాట మీద ఉన్నాను కూడా. మొన్న అక్టోబర్‌లో, "మెట్ల కింద ఆ బుడబుడ ఏంటండి?" అని అడిగితే, "వాటర్ హీటర్" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వారం తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాను.

ఇక నా తెలివితక్కువతనం. సీసాల్లో నింపేటప్పుడు ఒక్కోదానికి కొలిచి చెంచాడు పంచదార వేయాలి. లోపల గాలి పుట్టి నురగ వస్తుంది. నాకు మన వాసన తగలాలని సరదా పుట్టింది. అత్తగారు పంపిన తాటిబెల్లం చితక్కొట్టి, కొలత లేకుండా, చేతికొచ్చినంత వేశాను. అదీ పులియడం పూర్తిగా ఆగకముందే. ఇరవై నాలుగు సీసాలు నింపి క్లిప్ మూతలు బిగించి అక్కడే వరసగా పెట్టుకుని మురిసిపోయాను.

ఆ శుక్రవారం మా చర్చికే వచ్చే ఎలీనా వాళ్లింట్లో ప్రార్థన కూటం. ఆఫీస్‌లో పని ఉందని రూతుకి చెప్పి ఎగ్గొట్టాను. కారు సర్వీస్‌కి ఇచ్చాను కాబట్టి కొలీగ్ ఐదింటికి ఇంటి ముందు దింపాడు. లంచ్ బ్యాగ్ కిచెన్ కౌంటర్ మీద పెట్టి హాల్లోకి వచ్చేసరికి క్లోజెట్ తలుపు కింద నుంచి జిగటగా నీళ్లు కారుతున్నాయి. లోపల ఒక సీసా పేలిపోయింది. గాజు పెంకు ఒకటి ఎదురు గోడలో దిగి ఉంది. మిగతా ఇరవై మూడూ అదే దారిలో ఉన్నాయని అర్థమైంది. ఒక్కొక్కటే క్లిప్ ఎత్తి గాలి వదలాలి. హాల్లో కారింది తువ్వాలుతో తుడిచి, గాజు గుచ్చుకోకుండా షూతోనే లోపలికెళ్లాను, కార్పెట్ మీద పడకుండా తలుపు వేసుకున్నాను.

రెండు విప్పానో లేదో, గరాజ్ తలుపు లేచిన చప్పుడు.

"రండక్కా, రండి. ఎలీనా వాళ్ల బాబుకి జ్వరం కదా, అందుకే ఇక్కడికి మార్చేశాం. షూస్ ఇక్కడే విప్పెయ్యండి" అంటోంది రూతు. ఇక్కడే అంటే నా తలుపు ముందు. ఇరవై మంది షూస్ కుప్పపడ్డాయి. వాటి మీద ఎవరో కీబోర్డ్ పెట్టె ఆనించారు. తలుపు బయటికి తెరుచుకునేది. నేను లైట్ ఆర్పేశాను.

అప్పుడే బయటికి రావాల్సింది. ఒళ్లంతా సైడర్ వాసన, ఆఫీస్‌లో ఉన్నానని చెప్పిన నోరు. రాలేకపోయాను. నా నెత్తి మీద మెట్ల మీద పిల్లలు కూర్చున్నారు. సీసా పేలితే వాళ్లు ఝడుసుకుంటారు, గాజు నా ముఖంలో దిగుతుంది. విప్పితే శబ్దం. పాటలు మొదలయ్యాక ఊపిరి పీల్చుకున్నాను. కీబోర్డ్, చప్పట్లు. ఆ గోలలో తువ్వాలు కప్పి తొమ్మిది విప్పాను. నురగ మోచేతుల దాకా కారింది. తర్వాత ప్రార్థన. దైవాశీర్వాదం గారు దేశాధినేతల నుంచి మొదలుపెట్టి, ఎవరి గ్రీన్‌కార్డ్ ఐ-140 ఎక్కడ ఆగిందో పేరుపేరునా దేవుడికి విన్నవించారు. ఒక్కో పేరుకీ అందరూ ఆమేన్ అన్నప్పుడల్లా నాదొక సీసా. దేవుడు చూస్తూనే ఉన్నాడని తెలుసు. అయినా విప్పాను. ఇంకా అయిదు మిగిలాయి.

రూతు టీ పెట్టడానికి కిచెన్‌లోకి వెళ్లిన అలికిడి వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, నా లంచ్ బ్యాగ్ కౌంటర్ మీదే ఉంది. ఫోన్ అందులోనే ఉంది. ఆమె చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చాక కప్పుల చప్పుడు లేదు.

"అయ్యగారూ, నాదొక ప్రార్థన మనవండి" అంది.

"చెప్పమ్మా."

"నాకు బాగా దగ్గిర మనిషి ఒకరు నా దగ్గిర ఒక సంగతి దాస్తన్నారండి. నాకు తెల్సు. సున్నుండలకని ఉంచుకున్న తాటిబెల్లం సగమైపోయినప్పుడే తెల్సింది. ఆ వస్తువంటే నాకిప్పుడు భయం లేదండి. నెల్రోజుల్నించీ చూస్తన్నా, ఆ మనిషి నోరు జారలేదు, చెయ్యెత్తలేదు. దాయడమంటేనే భయమండి. మా నాన్న కూడా ముందు దాయడమే నేర్చుకున్నాడు. ఆ మనిషి నాకు తనే చెప్పాలని ప్రార్థన చెయ్యండి."

అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించడం మొదలుపెట్టారు. ఇల్లు మారుమోగిపోయింది. ఆ హోరులో అయిదూ విప్పేసినా ఎవరికీ వినిపించదు. చెయ్యి క్లిప్ మీదే ఉంది. నాకు ఏడుపొచ్చింది. నెల రోజులుగా నేను ఆమె నుంచి దాక్కున్నాను, ఆమె నా కోసం కాచుకుని ఉంది.

నేను విప్పలేదు. ఆమేన్ దాకా ఆగాను. ఆమేన్ అయ్యి, అందరూ కళ్లు తెరిచేంత నిశ్శబ్దం వచ్చేదాకా ఆగాను. అప్పుడు తువ్వాలు తీసేసి క్లిప్ ఎత్తాను.

టప్పుమంది. మెట్ల మీద పిల్లలు కెవ్వుమన్నారు.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అన్నారు దైవాశీర్వాదం గారు.

రూతు చాలా నెమ్మదిగా, "వాటర్ హీటరంటండి" అంది.

"వాటర్ హీటర్ కాదు రూతూ" అన్నాను తలుపుకి నోరు ఆనించి. "నేను. నేను చేసిన సైడర్."

కీబోర్డ్ పెట్టె పక్కకు జరిగింది. తర్వాత నా తలుపు ముందున్న షూస్ ఒక్కో జతే తీసి పక్కన పెడుతున్న చప్పుడు వినిపించింది.