మోసే కప్ప

మొయినాబాద్ బడిలో జీవశాస్త్రం చెప్పే ప్రేమదాసు, చంటి కూతురిని పాత చీరతో వీపుకు కట్టుకుని పొద్దున్నే చేవెళ్ల బాట పట్టాడు. తెలంగాణ ఉద్యమంతో బడి మూతపడింది, బస్సులు లేవు. భార్య సుగుణమ్మ చేవెళ్ల దవాఖానలో నర్సు. లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళు వస్తూనే ఉండడంతో మొన్నటి నుంచి ఆమె ఇల్లు చేరలేదు. పిల్ల డబ్బా పాలు కక్కేస్తోంది. ఇప్పుడు దానికి ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"ఆడోళ్ళ లెక్క గా కట్టుడేంది సారూ?" హోటల్ ముందు కూర్చున్నవాళ్ళు నవ్వారు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండకపోయినా సరే, వీళ్ళు నోరు మూసుకుంటే చాలనుకున్నాడు. ఎక్కడో దక్షిణ అమెరికా అడవుల్లో రంగురంగుల విషపు కప్పలుంటాయని, తోకకప్పలను వీపున వేసుకుని నీటికి చేర్చేది తండ్రేనని ఏటా పాఠం చెప్పేవాడు. తల్లి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. కాపలా తండ్రిది. దగ్గరున్నవాడు కనుక తరతరాలుగా మోసే పని కూడా వాడికే అలవాటైంది. పైగా ఆ కప్పకు విషముంది, ఎవరూ దాని జోలికి రారు. ప్రేమదాసుకు ఉన్న చెప్పులు కూడా తెగాయి.

కనకమామిడి దాటాక జనం బాటకు రాళ్ళు అడ్డం పెట్టి కూర్చున్నారు. అతనూ కూలబడ్డాడు. వీపు మీద చప్పుడు లేదు. విప్పి చూడాలంటే భయమేసింది. పక్కనే కొడుకుకు పాలిస్తున్న అంతమ్మ అనే ఆమె సంగతంతా అడిగి, తానే ముడి విప్పింది. పిల్ల కళ్ళు సగం తెరిచింది.

"ఎండిపోయిందయ్యా! ఇటియ్యి."

కొడుకును అతని ఒళ్ళో పడేసి, పిల్లను కొంగు చాటుకు తీసుకుంది. కాసేపటికి గుటకలు వినిపించాయి. ప్రేమదాసు అందరి ముందూ ఏడ్చాడు.

కాళ్ళు ఇక మాట వినేలా లేవు. "పిల్ల కడుపు నిండింది చెల్లె. ఇగ ఇంటికి మర్లిపోత."

"పిల్లకు నిండింది. ఆడ దవాఖానల తల్లికి పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటయ్. ఆమెకెవలున్నరు సారూ?"

గుడ్లు పెట్టి వెళ్ళాక తల్లి కప్ప ఏమవుతుందో అతను ఏనాడూ పాఠంలో చెప్పలేదు. పొద్దున్నుంచి సుగుణమ్మ నొప్పి కూడా తలపుకు రాలేదు. చేవెళ్ల ఇంకా చాలా దూరముంది.

అంతమ్మ కొడుకును ఆమెకిచ్చి, వీపు వంచాడు.

"జర గట్టిగ కట్టు చెల్లె."