అర మెట్టు పెరిగిన శ్రుతి

1984 విజయదశమి పొద్దున వసుమతి క్లాజెట్‌లోంచి ఫిడేలు పెట్టె దింపి మూత తీసింది. పెళ్ళప్పుడు గురువుగారిచ్చిన ఫిడేలు. అమెరికాకి, ఈ నేపర్‌విల్‌కి వచ్చిన పదకొండేళ్ళలో దాన్ని బయటికి తీసేది ఈ ఒక్క పూజకే. ఏడాదంతా మూలపడితే తీగలు వదులైపోవాలి. అలాంటిది, కమానుతో గీస్తే స, ప, స, ప నిఖార్సుగా పలికాయి. పైగా తన శ్రుతికన్నా అర మెట్టు ఎక్కువ.

"ఎవరో వాయిస్తున్నారండీ," అంది.

"సరస్వతీదేవే వచ్చి వాయించి పోతోందేమో," అన్నాడు భర్త రామమోహన్, పేపర్లోంచి తలెత్తకుండా.

వసుమతికి ఒళ్ళు మండింది. కూతురు రేణు స్కూల్ ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది గాని, దానిది తెల్లవాళ్ళ శ్రుతి, దాని వయొలిన్ దానికుంది. మన శ్రుతి తెలిసి, ఈ ఇంటి తాళంచెవి కూడా ఉన్న మనిషి ఊరు మొత్తం మీద ఒక్కతే. పిల్లలకి సంగీతం చెప్పే స్నేహితురాలు జయంతి. తాళంచెవులు పారేసుకునే రేణుని రోజూ స్కూల్ నుంచి తెచ్చి, తలుపు తీసి దింపి వెళ్ళేది ఆవిడే. పోయినేడు శిష్యురాలి కచేరీకని ఈ ఫిడేలు అడిగితే వసుమతి ఇవ్వలేదు కూడాను.

నేరుగా అడిగేస్తే పోయేది. అడగలేదు మహాతల్లి. కుంకుమ బొట్టు పెట్టి, శ్రుతి దించి, పూజ ముగించి, మర్నాడు జయంతితో, "రేణు పెద్దదైంది కదా, ఇక కీ దానికే ఇస్తాలే," అంది.

"నావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

"అబ్బే, ఏం లేదు."

జయంతి తాళంచెవి బల్లమీద పెట్టి, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులాగి చూస్తే శ్రుతి మళ్ళీ అర మెట్టు ఎక్కి కూర్చుంది. డూప్లికేట్ కీ చేయించుకుందన్నమాట, అనుకుంది వసుమతి. అనుమానం పట్టిన మనిషికి అన్నీ భలే కలిసొస్తాయి.

ఆ శనివారం స్కూల్లో కచేరీ. రేణు, ఇంకో పిల్ల ఫిడేళ్ళతో ముందుకొచ్చారు. రేణు చేతిలో ఉన్నదాని తలమీద కుంకుమ బొట్టు. మూడు వందల ఏళ్ళ కిందటి బీబర్ అనే స్వరకర్త రచన ఇదని, దీనికి మామూలు శ్రుతి పనికిరాదని, తీగలు వేరే శ్రుతిలో బిగించాలని టీచర్ చెప్పాడు. రేణు తీగలు సరిచూసుకుంది. స, ప, స, ప.

రెండు ఫిడేళ్ళూ ఒకదాని మాట ఒకటి అందుకుంటూ సాగాయి. తన ఫిడేలు అంత నిండుగా మోగడం విని వసుమతికి సంతోషం, సిగ్గు కలిసి ఏడుపొచ్చింది. పక్కన ఎప్పుడూ జయంతి కూర్చునే కుర్చీ ఖాళీగా ఉంది.

"నా వయొలిన్ అలా ట్యూన్ చేస్తే స్ట్రింగ్ తెగింది అమ్మా," అంది రేణు కార్‌లో. "నీది ఆల్మోస్ట్ అలాగే ఉంది. కొంచెం పైకి తిప్పాను, అంతే. అడిగితే నో అంటావు. జయంతి ఆంటీకి కూడా నో చెప్పావు కదా."

వసుమతి కారు తిన్నగా జయంతి ఇంటికి పోనిచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా చెప్పుకుంది. ఫిడేలు పెట్టె, తాళంచెవి రెండూ ముందుకు చాపింది.

"అయితే నన్ను దొంగనుకున్నావన్నమాట," అంది జయంతి నెమ్మదిగా. ఫిడేలు పెట్టె అందుకుంది. "ఇది లోపల పెడతాను, చలికి పాడవుతుంది. కీ మాత్రం వద్దు వసుమతీ. రేపు మీ ఇంట్లో చెంచా కనపడకపోయినా నావంకే చూస్తావు."

కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. వసుమతి తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది.