మెట్ల కింద మీటింగు

నేను ఒక కుర్చీని. ఎర్ర రంగు, చేతులున్న రకం, ప్లాస్టిక్. ఈ చివరి మాట వినగానే మీ ముఖం చప్పబడిందని నాకు తెలుసు. టేకు కుర్చీ అయితే వంశం చెప్పుకునేది, పేము కుర్చీ అయితే వయ్యారం చెప్పుకునేది, ప్లాస్టిక్ కుర్చీకి చెప్పుకోవడానికి ఏముంది అనుకుంటున్నారు. మీరు ఇప్పుడు కూర్చున్నది బహుశా మా చుట్టాల్లో ఎవరో ఒకరి మీదే. కాస్త సర్దుకుని కూర్చుని వినండి.

గుంటూరు పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. గింజలుగా పోసి, కరిగించి, అచ్చులో కుక్కి, ఒళ్ళు చల్లారకముందే బయటికి లాగారు. నాకంటే ముందు పుట్టినవాణ్ణి నా కింద పెట్టారు, తర్వాత పుట్టినవాణ్ణి నా నెత్తిన పెట్టారు. అక్కడి నుంచి లారీ ఎక్కి ఒంగోలు దగ్గర మస్తాన్ గారి టెంట్ హౌసుకు చేరాను. పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పెద్దకర్మలకు వెళ్ళాను. పెళ్ళిలో ముందు వరస కోసం అలిగే పెద్దమనిషే ఉపన్యాసాల సభలో వెనక వరస కోసం ఆరాటపడటం కళ్ళారా చూశాను. ఒక ఎన్నికల సభలో నన్ను గాల్లోకి విసిరారు కూడా. నా కుడి చేతి మీద పగులు ఆనాటిదే. విసిరినవాడు ఏ పార్టీయో చెప్పను, కుర్చీలకు రాజకీయాలు పనికిరావు.

తర్వాత నల్లరాయిపాడు వచ్చాను. గ్రానైట్ క్వారీల ఊరు. పంచాయతీ కొత్త భవనం ప్రారంభోత్సవానికి అద్దెకు వచ్చి, అక్కడే ఉండిపోయాను. మస్తాన్ గారు అడగడానికి వచ్చినప్పుడల్లా సర్పంచ్ మాలకొండయ్య గారు టీ తెప్పించి, "యాడికి పోద్దిలే మస్తానూ, పంపిస్తాంగా" అనేవారు. ఆ టీలతోనే నేను ప్రభుత్వ ఆస్తినైపోయాను.

ఆ ఊళ్ళో మర్యాద అంటే నునుపు. ఇంటి గడపకు పాలిష్ పట్టిన గ్రానైట్, సమాధికి గ్రానైట్, గేదెలు నీళ్ళు తాగే తొట్టికీ గ్రానైటే. పంచాయతీ భవనాన్ని బాగా ఎత్తులో కట్టి, మెట్లకు నల్ల గ్రానైట్ వేసి, ముఖం చూసుకునేంత పాలిష్ పట్టించారు. మెట్ల పక్కనే శిలాఫలకం. అందులో బంగారు రంగు అక్షరాల్లో సర్పంచ్ గారి పేరు. ఆయన రోజూ పొద్దున్నే భుజం మీది కండువాతో ఆ ఫలకాన్ని తుడిచి, పేరు అక్కడే ఉందని చూసుకుని గానీ లోపలికి వచ్చేవారు కాదు.

అప్పుడు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మాలకొండయ్య గారే మళ్ళీ సర్పంచ్ అయ్యారు. కాలనీ వార్డు నుంచి మాత్రం దేవరపల్లి సువార్త గెలిచింది. టైలరింగ్ షాపు నడుపుకునే మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. చేతితో తిప్పే మూడుచక్రాల బండి మీద ఊరంతా తిరుగుతుంది. కాలనీకి మంచినీళ్ళ పైపు తెస్తానని చెప్పి గెలిచింది. ఈ మధ్య ప్రభుత్వం ఆమెలాంటి వాళ్ళను వికలాంగులు అనడం మాని దివ్యాంగులు అంటోంది. పేరు పైకి వెళ్ళింది, మనిషి మాత్రం మెట్ల కిందే ఆగిపోయింది.

మొదటి మీటింగు రోజు ఊరికి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. నన్ను కిందికి దించారు. ఆమెను బండి మీంచి నా మీదికి మార్చారు. నలుగురు మగవాళ్ళు నా నాలుగు కాళ్ళూ పట్టుకుని "పట్టు, పట్టు" అనుకుంటూ మెట్లు ఎక్కించారు. ఎవరో పూలదండ వేశారు. ఎవరో ఫోటో తీశారు. నేనైతే పల్లకీనయ్యాననుకుని ఉబ్బిపోయాను. ఊరేగించినంతసేపూ ఆమె నా చేతులను గట్టిగా పట్టుకునే ఉంది, గోళ్ళు దిగేంతగా. మోసేవాడికి తన చెయ్యి ఎక్కడ తగులుతుందో ధ్యాస ఉండదు. మోయించుకునే ఆడమనిషికి ప్రతి వేలూ తెలుస్తుంది. ఫోటోలో ఆమె నవ్వుతున్నట్టే పడింది.

మీటింగు అయ్యాక మోసినవాళ్ళంతా టీకి పోయారు. తర్వాత ఎవరి పనుల మీద వాళ్ళు పోయారు. చెడ్డవాళ్ళు కాదు, మర్చిపోయారంతే. పైన ఖాళీ గదిలో సువార్త, నేను మిగిలాం. కింద తన బండి కనబడుతోంది. పిలిస్తే ఎవరో ఒకరు వస్తారు, కానీ ఆమె పిలవలేదు. ఊడ్చే ఆవిడ వచ్చి చూసి కేక వేసేదాకా అలాగే కూర్చుంది. నా మీద ఎందరో కూర్చున్నారు గానీ అంత బరువుగా ఎవరూ కూర్చోలేదు.

తర్వాతి నెల మీటింగుకు ఆమె మెట్ల దగ్గర బండి ఆపింది. నన్ను దించబోతే వద్దంది.

సర్పంచ్ గారు గుమ్మంలోకి వచ్చారు. "ఏందమ్మా సువార్తా, మేం మొయ్యం అన్నామా? నలుగురం ఉన్నాం గదా."

"మీరు నలుగురూ ఉన్న రోజే నేను మెంబర్ని సర్పంచ్ గారూ. మీరు లేని రోజు నేనెవుర్ని? నన్ను మొయ్యొద్దు. దారి ఎయ్యండి."

"దానికింత పట్టుదలెందుకు తల్లీ. మీ అన్నని పంపించు. అందరి ఇళ్ళకాణ్ణించీ మగోళ్ళే వస్తన్నారు గదా."

అది నిజమే. సభ్యుల్లో సగానికి పైగా ఆడవాళ్ళు. వచ్చి కూర్చునేది వాళ్ళ భర్తలు. మీటింగు ముగిశాక రిజిస్టరే ఇంటింటికీ వెళ్ళి, పొయ్యి దగ్గర వాళ్ళ సంతకాలు తెచ్చుకునేది. ఆ ఊళ్ళో అందరికంటే ఎక్కువగా తిరిగే పంచాయతీ సభ్యురాలు ఆ రిజిస్టరే.

కార్యదర్శి రహంతుల్లా గారు భయస్తుడు, నిబంధనల మనిషి. లోపలికి రాలేదు కాబట్టి సువార్తకు గైర్హాజరు వేశారు. వరసగా ఇలాగే అయితే పదవి పోతుందని నోటీసు కూడా ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు.

ఆమె మండల వికలాంగుల సంఘానికి వెళ్ళింది. సంఘం నాయకుడు జాలయ్య చంకకర్రలతో నడిచే మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆమెతో వచ్చి మెట్ల కింద నిలబడి ఆయన చెప్పిందంతా నేను వరండాలోంచి విన్నాను. ఐక్యరాజ్య సమితిలో దేశాలన్నీ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నాయట. ఒంట్లో ఏ లోపం ఉన్నా ప్రతి మనిషీ అందరిలాగే ఆఫీసుకూ బడికీ ఆసుపత్రికీ వెళ్ళగలగాలని, తన ఊరి వ్యవహారంలో తనే కూర్చోగలగాలని దాని సారం. మన దేశమూ సంతకం పెట్టి, తర్వాత చట్టమూ చేసిందట.

"సంతకం యాడో పెట్టారు. అది మన ఊరొచ్చి ఈ మెట్ల కాడ ఆగిపోయింది. దాన్ని పైకెక్కించాల్సింది మనమే," అన్నాడు జాలయ్య.

సంతకం పెట్టిన ఆ పెద్ద హాల్లోనూ మా జాతివాళ్ళు ఉండే ఉంటారు. మెత్తలు, గుండ్రంగా తిరగడాలు వగైరా. పెద్దమనుషులు లేచి వెళ్ళిపోయాక ఆ కుర్చీలు ఏమనుకున్నాయో అడగాలని ఉంది.

సంఘం వాళ్ళు బళ్ళతో, చంకకర్రలతో మండలాఫీసు ముందు కూర్చున్నారు. కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చారు. చివరికి ర్యాంపు కట్టమని ఉత్తర్వు వచ్చింది. నల్లరాయిపాడు ఏ పనైనా చేస్తే మర్యాదగా చేస్తుంది. క్వారీ యజమాని రాయి ఉచితంగా ఇచ్చాడు. ఊళ్ళోకెల్లా మంచి నల్ల రాయి, అద్దంలాంటి పాలిష్. పొడవుగా కట్టాలంటే శిలాఫలకం అడ్డమొచ్చింది. దాన్ని కదిలించే మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి ర్యాంపును పొట్టిగా, నిటారుగా లేపారు.

ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. సువార్త బండి హ్యాండిల్ తిప్పుతూ సగం దాకా ఎక్కింది. అక్కడ చక్రాలు తిరగడం తిరిగాయి గానీ, బండి మాత్రం వెనక్కి బయల్దేరింది. కింద నిలబడ్డ పెద్దమనుషులు చెల్లాచెదురయ్యారు. జాలయ్య చంకకర్ర అడ్డం పెట్టకపోతే బండి రోడ్డు దాటేది. ఆ సాయంత్రానికే ఊరి పిల్లలకు విషయం అర్థమైపోయింది. జిల్లాలో అంత మంచి జారుడుబండ ఇంకోటి లేదు. కుర్చీనై పుట్టినందుకు ఆ రోజు నిజంగా బాధపడ్డాను.

"అంత నున్నగా చేయించాం గదమ్మా," అన్నారు మాలకొండయ్య గారు, మనసు కష్టపడి. ఆయన బాధ అబద్ధం కాదు. మంచి రాయిని గరుకుగా వదిలెయ్యడం ఆ ఊళ్ళో అతిథికి చల్లారిన కూడు పెట్టడం లాంటిది.

"ర్యాంపు కట్టమన్నారు, కట్టాం. ఇంక రాకపోతే నేనేం చెయ్యను," అన్నారు రహంతుల్లా గారు. వచ్చే మీటింగుకు కూడా రాకపోతే సువార్త పదవి పోతుంది. వచ్చిందనిపించుకోవాలంటే మళ్ళీ నా మీదెక్కి ఊరేగాలి. పైపు సంగతీ ఆ మీటింగులోనే తేలుతుంది. ఎప్పుడూ ధైర్యంగా మాట్లాడే ఆ మనిషి బండిలో తల వంచుకుని కూర్చోవడం చూశాను. ఈసారి ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

ఆమె ఒప్పుకోలేదు, షాపుకు వెళ్ళింది. ముందు ఉగాది ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె దగ్గరే, వాటిలో తోటి సభ్యురాళ్ళవీ ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒకే కబురు పంపింది: జాకెట్లు సిద్ధం, మీటింగు రోజు పంచాయతీ మెట్ల కాడికి వచ్చి తీసుకెళ్ళండి.

వచ్చారు. కవరు తీసుకుని వెళ్ళిపోదామనే వచ్చారు, నిజం చెప్పాలిగా. సువార్త వాళ్ళతో ఏం మాట్లాడిందో పైనున్న నాకు వినబడలేదు. వాళ్ళు మెట్లూ, జారుడుబండా, నోటీసూ చూశారు. తర్వాత ఒక్కొక్కరే మెట్ల పక్క అరుగు దులుపుకుని కూర్చున్నారు. పైన వాళ్ళ భర్తలు కిటికీలోంచి చూసి గొంతులు సవరించుకున్నారు.

అప్పుడు నా మీద కూర్చున్నది బ్రహ్మయ్య గారు. కింద ఆయన భార్య అంకమ్మ గారు తలెత్తి, "మామా, ఇయ్యాల నా సంతకం ఇంటికాడ దొరకదు. మీటింగులోనే పెడతా. మీటింగు ఈడ జరిగితే," అంది. అని, పక్కావిడతో మాకూ వినబడేలాగే, "గెలిచి ఇన్నాళ్ళయింది, ఈ బిల్డింగు లోపలెట్టుంటదో నేను చూళ్ళా," అంది.

నేను సిగ్గుపడ్డాను. ఇన్నాళ్ళూ సభ్యుణ్ణి మోస్తున్నాననుకున్నాను. నేను మోసింది సభ్యురాలి మొగుణ్ణి.

రహంతుల్లా గారు లెక్క చూసుకున్నారు. ఇంతమంది సభ్యులుంటేనే మీటింగు చెల్లుతుందని ఒక లెక్క ఉంటుంది. పైన ఉన్నవాళ్ళలో ఎక్కువమంది భర్తలు, భర్తలు లెక్కలోకి రారు. అసలు సభ్యురాళ్ళు మెట్ల కింద ఉన్నారు, చేతుల్లో జాకెట్ల కవర్లతో. భయస్తుడైన మనిషి నిబంధన తన వైపు ఉంటే ఎంత ధైర్యవంతుడవుతాడో అప్పుడు చూశాను. రిజిస్టరు చంకన పెట్టుకుని, "మీటింగు కిందండీ," అనేసి మెట్లు దిగారు. చివరికి మాలకొండయ్య గారూ దిగారు, జారకుండా గోడ పట్టుకుని. ఆయన కూర్చోవడానికి నన్నూ కిందికి దించారు.

మొదటి తీర్మానం ర్యాంపు గురించి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు, పాలిష్ లేని గరుకు రాయి, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. అంత పొడవు రావాలంటే శిలాఫలకం జరగాలి. సర్పంచ్ గారు నా మీంచి లేచి దాని దగ్గరికి నడిచారు. కండువా తీసి ఫలకం అంచును ఊరికే తుడిచారు.

సువార్త మెత్తగానే అంది. "పక్కకు జరిగినా మీ పేరు మీ పేరే సర్పంచ్ గారూ. నేను పక్కకు జరిగితే నా వార్డుకు మాట లేదు."

ఆయన ఫలకం వంక చూశారు, ఆమె వంక చూశారు. "రాసుకోవయ్యా," అన్నారు కార్యదర్శితో. పైపు సంగతి మరుసటి మీటింగుకు వాయిదా పడింది. ఆ మీటింగు కొత్త ర్యాంపు కట్టాక పైనే జరగాలని ఆడవాళ్ళంతా ఒక్కమాట మీద చెప్పారు.

గరుకు రాయి పరవడానికి మేస్త్రీలు మొదట ఒప్పుకోలేదు, తమ పేరు పోతుందన్నారు. తిట్టుకుంటూనే పరిచారు. పిల్లలు కొత్త ర్యాంపు మీద జారి చూసి, లాగులు చిరగ్గానే మానేశారు.

ఆ మీటింగు రోజు పొద్దున నన్ను శుభ్రంగా కడిగారు. బల్ల దగ్గర, సర్పంచ్ గారి పక్కనే, సువార్త చోటని పెట్టారు. మీద కొత్త తువ్వాలు కూడా పరిచారు. నేను కాళ్ళు సర్దుకుని ఎదురుచూశాను. నన్ను మోసిన నలుగురూ అలవాటుగా గుమ్మం దగ్గర నిలబడ్డారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

ఆమె వచ్చింది. హ్యాండిల్ తిప్పుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తిప్పుకుంటూ, ఎవరి చెయ్యీ పడకుండా లోపలికి వచ్చింది. అంకమ్మ గారూ మిగతా ఆడవాళ్ళూ అప్పటికే కూర్చుని ఉన్నారు. సువార్త నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, నా ఎదురుగా ఆగింది.

"ఈ కుర్చీ తీసెయ్యండి," అంది. "బండికి చోటు కావాల."

తువ్వాలుతో సహా ఎత్తి వరండాలో పెట్టారు నన్ను. ఇన్నేళ్ళలో నన్ను విసిరారు, మోశారు, అద్దెకిచ్చారు, ఎగ్గొట్టారు. వద్దన్నది మాత్రం ఆమె ఒక్కతే. చిన్నబుచ్చుకున్నాను, దాచను. కిటికీలోంచి చూస్తే బల్ల దగ్గర నేనున్న చోట ఆమె బండి సరిగ్గా సరిపోయింది. ఆమె చేతులు దేన్నీ పట్టుకుని లేవు. రెండూ బల్ల మీదున్నాయి. పైపు కాలనీ దాకా రాదని ఎవరో అంటుంటే, ఒక చేత్తో బల్ల మీద చరిచి, ఎందుకు రాదో చెప్పమంటోంది.