ఎర్రబడని నీళ్ళు

నేను ఒక తమ్మపడిగను. విడమరచి చెప్పాలంటే, రాజులు తాంబూలం నమిలి ఉమ్మే కంచుపాత్రను. ముఖం చిట్లించకండి. ఉమ్మినవాణ్ణి వదిలేసి, ఉమ్మించుకున్నదాన్ని చూసి ముక్కు మూసుకోవడం మనుషులకు అలవాటేనని నాకు తెలుసు. తరతరాల రాజుల నోళ్ళను నేను చూసినంత దగ్గరగా వాళ్ళ రాణులు కూడా చూసి ఉండరు.

నన్ను పోసినవాడు ఉరుములకోట దిగువన కంచరివీధిలో ఉండే పోలోజు. వెడల్పాటి అంచు, సన్నని మెడ, కింద గుండ్రని కడుపు. లోపల ఏముందో ఎవరికీ కనబడకూడదని మెడ అంత సన్నగా పెట్టాడు. పోత చల్లారాక గోటితో మీటి చూశాడు. నేను ఖంగుమన్నాను. "గుడిలో మోగాల్సిన కంచు. దీని రాత ఇట్లా ఉంది" అని కోటకు పంపేశాడు.

ఉరుములకోట మనుషులు కట్టిన కోట కాదు. కొండే చీలి, గోడలుగా పైకి లేచి, మొదటి రాజుకు చోటిచ్చింది. ఇస్తూ ఒక్క షరతు పెట్టింది. "నా రాతిమీద నిలబడి శుభ్రమైన నోటితో ఇచ్చిన మాట తప్పకూడదు. తప్పితే ఆ నోరు నాది, నాలాగే రాయవుతుంది." ఎంగిలి కూడు దేవుడికి ఎలా పెట్టరో, ఎంగిలి నోటి మాట కొండకు అలాగే చేరదు. అందుకని రాజు మాట ఇచ్చేముందు నోట్లో ఉన్న తాంబూలం నాలో ఉమ్మాలి. నీళ్ళు పుక్కిలించి అవీ నాలోనే ఉమ్మాలి. ఆ తర్వాతే ప్రమాణపు బండ ఎక్కాలి.

నన్ను చేయించుకున్న పెద్దరాజు పొద్దస్తమానం నమిలేవాడు. అయితే మాట ఇవ్వాల్సి వస్తే మాత్రం ఉమ్మడానికి ముందు చాలాసేపు ఆలోచించేవాడు. ఒకసారి అలా మాటిచ్చినందుకు తాను పెంచుకున్న పట్టపుటేనుగును పొరుగురాజుకు తోలించి, వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయన కొడుక్కి తాంబూలం అలవాటే లేదు. ఆ పదహారేళ్ళూ నాలో నీళ్ళు పోసి సంపెంగలు వేశారు. నా బతుకులో బాగున్న రోజులంటే అవే.

తరువాత శూరకేతుడు గద్దెనెక్కాడు.

అందగాడు. మంచి గొంతు. ఆ గొంతు తనకు ఎంత ఇష్టమో, మాట్లాడేటప్పుడు తలవంచి తానే వినేవాడు. అతని తాంబూలంలో కర్పూరం, జాజికాయ, లవంగం అన్నీ పడేవి. ఎన్ని పడితే ఏం, నాలోకి వచ్చేసరికి అంతా ఒకటే. నన్ను మోసే పని సబ్బమది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, చేతులు గట్టివి. పెరటి బావి దగ్గర చింతపండు, బూడిద వేసి నన్ను తోమేది. ఎంత తోమినా అంచు కింద ఎరుపు పోయేది కాదు. ఆ ఎరుపును గోటితో గీకి గీకి విసుక్కునేది.

పట్టాభిషేకమైన రెండో ఏట వరదకు ఏటి ఒడ్డున ఏడు ఊళ్ళు కొట్టుకుపోయాయి. జనం వచ్చి కరకట్ట కట్టించమన్నారు. శూరకేతుడు నామీదికి వంగి, సభంతా వినబడేలా "థూ" అన్నాడు. నాలో ఏమీ పడలేదు. పెదవులమీదికి కాసిని నీళ్ళు తీసుకుని వదిలాడు. ఆ నీళ్ళు ఎర్రగా లేవు. బావినుంచి తోడినంత తేటగా ఉన్నాయి. తాంబూలపు ముద్ద ఎడమ బుగ్గలో భద్రంగా ఉంది. అదే బుగ్గతో బండ ఎక్కి, ఆ మంచి గొంతుతో, వానాకాలం లోపు కట్ట కట్టిస్తానని మాటిచ్చాడు.

కట్ట లేవలేదు. రాజు నోరూ రాయి కాలేదు. కొండను మోసం చేసే దారి అతనికి దొరికిపోయింది.

పెరట్లో నన్ను వంచినప్పుడు సబ్బమ ఆ తేటనీళ్ళు చూసింది. చాలాసేపు చూసి, "మనకెందుకులే" అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. మరుసటి వానలకు ఆ ఊళ్ళు మళ్ళీ పోయాయి. ఈసారి మనుషులతో సహా. ఆ కబురు విని శూరకేతుడు నిండు సభలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నటన కాదు, నిజమైన కన్నీళ్ళే. పదేళ్ళు అతని ఉమ్మి పట్టాను గానీ, ఆ కన్నీళ్ళకు పుట్టినంత రోత నాకు మరి దేనికీ పుట్టలేదు.

అలాంటి మాటలు పదకొండు ఇచ్చాడు. పదకొండుసార్లూ సబ్బమ తేటనీళ్ళు పారబోసింది.

పదో ఏట ఉత్తరాన మంచుసీమనుంచి రాకాసిమూక దిగింది. ఎముకల కిరీటాలు, తోడేళ్ళ వాహనాలు. వాళ్ళు రావడానికి ఉన్నది ఒక్కటే దారి, కత్తెర కనుమ. దాన్ని మూడు రోజులు ఆపగలిగితే పెద్దసేన కూడుకుని వెళ్ళవచ్చు. ఆపడానికి మూడువందల మంది ముందుకొచ్చారు. వాళ్ళకు నాయకుడు సబ్బమ తమ్ముడు గొంకడు.

సభకు వెళ్ళే దారిలో నడవాలో ఎదురై అక్కను ఆటపట్టించాడు.

"ఏమే అక్కా, ఇంకా దొరగారి ఉమ్మి మోస్తానే ఉన్నావా?"

"నీ వాగుడు మోయాలంటే ఈ పడిగ చాలదురా, కాగు కావాలి."

"వచ్చాక మోద్దువులే. మూడు రోజులేగా! దొర మాటిస్తాడంట."

సబ్బమ చేయి నా మెడమీద బిగుసుకుంది. తమ్ముడికి ఏదో చెప్పబోయింది. అప్పటికే కొమ్ములు ఊదారు.

సభలో గొంకడు చేతులు కట్టుకుని అడిగాడు. "మూడోనాటి పొద్దుపొడుపుకి తమరు సేనతో కనుమకి రావాలి దొరా. అందాకా కనుమ మాది. ఆ పొద్దు దాటితే మాలో ఎవడూ మిగలడు."

"వస్తాను" అని శూరకేతుడు నామీదికి వంగాడు. "థూ" అన్నాడు. నాలో ఏమీ పడలేదు. నీళ్ళు తాకించి వదిలాడు. తుండుతో మూతి తుడుచుకుని బండవైపు తిరిగాడు.

సబ్బమ నన్ను తలకిందులు చేసింది.

తెల్లటి చలువరాతి మీద నీళ్ళు పరుచుకుంటూ పోయి సేనాపతి పాదాల దగ్గర ఆగాయి. ఒక్క ఎర్ర చార లేదు.

శూరకేతుడు నవ్వాడు. ఆమె తప్పుకోవడానికి దారి కూడా తనే ఇచ్చాడు. "చేయి జారిందా సబ్బమా? పోనీలే, లోపలికెళ్ళు."

"జారలేదు దొరా. నేనే వంచాను. నీళ్ళు చూడండి."

అందరూ నీళ్ళవైపు చూశారు. తరువాత రాజు బుగ్గవైపు చూశారు. గొంకడికి ముందుగా అర్థమైంది. "దొరా, ఎడమ పన్ను నొప్పెడతందా? వాచినట్టుందే!" అన్నాడు. మూడువందల మంది గుమ్మంలో నిలబడి ఉన్నారు.

సబ్బమ నన్ను మళ్ళీ ఎత్తి పట్టింది. ఈసారి ముద్ద పడింది. పుక్కిలించిన నీళ్ళు ఎర్రగా, చిక్కగా పడ్డాయి. అంత అసహ్యమైన ఎరుపు చూసి నేను సంతోషించానంటే నమ్ముతారా? శూరకేతుడు బండ ఎక్కి మాటిచ్చాడు. మంచి గొంతు కాస్త బొంగురుపోయింది. కాళ్ళకింద కొండ ఒకసారి గుర్రుమంది. విన్నానని చెప్పింది.

కనుమ గుర్రంమీద ఒక్క పూట దారి. వెళ్ళకుండా ఉండటానికి అతను పడిన పాట్లలో సగం పడితే నాలుగుసార్లు వెళ్ళి రావచ్చు. మొదటి రోజు పురోహితుణ్ణి పిలిచి మాట వెనక్కి తీసుకునే శాంతి ఏదైనా ఉందా అని అడిగాడు. "కక్కిన కూడు మళ్ళీ తింటారా ప్రభూ?" అని ఆయన వెళ్ళిపోయాడు. రెండో రోజు పినతండ్రి కొడుక్కి తన కిరీటం, కవచం తొడిగి "నువ్వే రాజువి, నువ్వు వెళ్ళు" అన్నాడు. వాడు కోటగుమ్మం దాటి ఏ అడవిలో దూరాడో ఎవరికీ తెలియదు. సేనను మాత్రం కదలనివ్వలేదు. దక్షిణపు సొరంగంలోంచి తనను దాటించడానికి అది కావాలట. "రాజు బతికుంటే రాజ్యం ఎప్పుడైనా కట్టుకోవచ్చు" అని సేనాపతికి చెప్పాడు. సేనాపతి నేలచూపులు చూశాడు. పెద్దమనిషి, ఆజ్ఞ దాటడు. అలాంటి పెద్దమనుషులన్నా నాకు రోతే.

మూడోనాడు తూరుపు తెల్లబడుతుండగా శూరకేతుడు నన్ను తెమ్మన్నాడు. మొదటిసారి తన చేతులతో తానే పట్టుకున్నాడు. చెమటచేతులు.

"ఉమ్మేస్తాను. ఆ మాట ఉమ్మేస్తాను" అన్నాడు.

"గుర్రానికి జీను వేసే ఉంది దొరా" అంది సబ్బమ. "పొద్దు ఇంకా పొడవలేదు. గుమ్మం దాటండి చాలు. మీరు బయల్దేరితే సేన మీ వెనకాలే వస్తుంది. కొండ ఆమాత్రం ఓర్చుకోదా? మా తమ్ముడు అక్కడున్నాడు దొరా."

అతను ఆమెవైపు చూడనైనా లేదు. నామీదికి వంగి గొంతులో వేళ్ళు పెట్టుకున్నాడు. పసరు వచ్చింది, నురగ వచ్చింది. మాట రాలేదు. కిటికీలోంచి ఎండ పడగానే నాలుక బూడిదరంగుకు తిరిగింది. ఆ రంగు పెదవులకు, బుగ్గలకు, మెడకు పాకింది. చివరగా ఒక పన్ను విరిగి, రాయై, నాలో పడింది. నేను ఖంగున మోగాను. పోలోజు వినాలనుకున్న గంట మోత అదేనేమో.

రాజు రాయి కాగానే సేనాపతికి ఆజ్ఞ దాటే అవసరం తప్పింది. సేన పరుగున వెళ్ళి కనుమను నిలబెట్టింది. మూడువందల మందిలో పందొమ్మిది మంది తిరిగొచ్చారు. గొంకడు రాలేదు.

సబ్బమ ఆ సాయంత్రం నన్ను బావి దగ్గర కూర్చుని తోమింది. అంచు కింద ఎరుపు ఆ రోజు పూర్తిగా పోయింది. "పదకొండుసార్లు ఊరుకున్నాను. మొదటిసారే వంచి ఉంటే..." అని ఆగిపోయింది. నన్ను బోర్లించి వెళ్ళింది. మళ్ళీ కోటలో కనబడలేదు.

ఇది జరిగి ఎన్నో తరాలైంది. వంగి, నోరు తెరిచి ఉన్న ఆ రాతిమనిషికి ఇప్పుడు మంటపం కట్టారు. 'మాటకోసం రాయైన మహారాజు' అని పేరు పెట్టారు. ఒకరకంగా నిజమే. పెళ్ళయిన జంటలు వచ్చి మొక్కుతారు. నాకు బంగారుపూత పూసి, తీర్థపాత్ర అంటున్నారు. నాలోంచి నీళ్ళు పుచ్చుకుని కళ్ళకద్దుకునేవాళ్ళను చూస్తే నాకు నామీదే వాంతి వచ్చేట్టుంటుంది. మూడువందల మంది పేర్లు ఎక్కడా లేవు.

నిన్న కొత్తరాజుకు పట్టాభిషేకం జరిగింది. ప్రమాణానికి ముందు నోరు పుక్కిలించే తంతు ఇంకా ఉంది, ఎందుకో మాత్రం ఎవరికీ గుర్తులేదు. పూజారి నన్ను రెండు చేతులతో ఎత్తి పట్టాడు. రాజు వంగాడు. కర్పూరం, జాజికాయ వాసన. ఎడమ బుగ్గ కాస్త ఉబ్బి ఉంది. నీళ్ళు తేటగా పడ్డాయి.

పూజారి నన్ను వంచి ఆ నీళ్ళను అందరికీ చూపించాడు. ఒక్క ఎర్ర చార లేదు.

"చూశారా, ఎంత స్వచ్ఛమైన నోరో!" అన్నాడు. సభంతా చేతులు జోడించింది.