ఒడిబియ్యంలో వెండి బిళ్ల

పెళ్లిపీటల మీద నా మొహం చూడమంటే మా ఆయన నా మెడలోని వెండి బిళ్లల దండ చూశాడట. ఒక్కో బిళ్ల మీద ఏ సంవత్సరం ఉందో చదువుకున్నాడట. ఈ ముచ్చట ఎవరో పుట్టించింది కాదు, వచ్చినవాళ్లందరికీ ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు.

పేరు పరమేశ్. వికారాబాద్ స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనక కూర్చుని కూర్చుని రిటైరయ్యాడు. పగలంతా చిల్లర కోసం ప్రయాణికులతో కొట్లాడేవాడు, సాయంత్రం ఇంటికొచ్చి అదే చిల్లరను భూతద్దం పెట్టి ముద్దు చేసేవాడు. రిటైరయ్యాక ఆ కొట్లాట కూడా లేదు, ఇక ముద్దే ముద్దు.

మామూలు బిళ్లలైతే నేనూ ఊరుకుందును. ఈయనకు ప్రూఫ్ నాణేలు కావాలి. అంటే బజారులో తిరగడానికి కాకుండా, దాచుకునేవాళ్ల కోసం టంకశాలలో ప్రత్యేకంగా కొట్టినవి. అద్దంలా ఉంటాయి, వేలు తగిలితే మచ్చ పడుతుంది. అరవై తొమ్మిది నుంచి డెబ్బై మూడు దాకా పది రూపాయల వెండివి వరుసగా కూర్చాడు. ఒక్క డెబ్బై రెండుది మాత్రం దొరకలేదు. హైదరాబాద్‌లో ఒకటి దొరికితే, మిగతా వాటి పక్కన దీని మెరుపు కలవలేదని వాపసు ఇచ్చి వచ్చాడు. నా చీరకు రవిక రంగు కలిసిందో లేదో ఒక్కనాడైనా చూసిన పాపాన పోలేదు!

మొన్న దీపావళికి ధనరాజ్ అనే ఆయన తన ఇంటి లక్ష్మీపూజ ఫొటో ఫోన్‌లో పెట్టాడు. తాండూరులో బండల దుకాణం ఆయనది, మా ఇంట్లో పరిచిన బండలు అక్కడే కొన్నాం. అందరూ అమ్మవారిని చూసి దండం పెట్టే ఫొటో అది. మా ఆయన మాత్రం దాన్ని వేళ్లతో సాగదీసి సాగదీసి, అమ్మవారి పాదాల దగ్గరున్న చిన్న అద్దాల డబ్బాను పట్టుకున్నాడు.

"మల్లీ! దొర్కిందే! డెబ్బై రెండు!"

ఆ కేకకు నా చేతిలో గరిటె జారి పప్పులో పడింది.

మర్నాడే తాండూరు బస్సెక్కించాడు. "నువ్వు గూడ రా. ఆడోళ్లుంటె మాట మెత్తగైతది" అన్నాడు. నా అక్కర ఆయనకు అంతవరకే.

ధనరాజ్ మంచివాడే, చాయ్ తాగించాడు. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది వాళ్లమ్మ కస్తూరమ్మది. పుట్టింది కర్ణాటక వైపు, అందుకే నన్ను చూడగానే "బా, బా బిడ్డా" అని లోపలికి పిలిచింది. బిళ్ల సంగతి వినగానే ఆమె మొహంలో మెత్తదనం పోయింది.

"మా ఇంటాయన బొంబాయికి కందులు అమ్మ పోయినప్పుడు తెచ్చిండు. గప్పటి సంది లక్ష్మి దగ్గర్నే ఉన్నది. బొట్టు గూడ డబ్బాకే పెడ్త, దానికి తాకనియ్య. పూజల కూసున్న వెండిని అమ్ముకుంటమా నాయినా?"

"ఎంతంటె గంత ఇస్త అమ్మగారూ."

"గా వెండి మా గడప దాటాలంటె ఒక్కటే తొవ్వ. ఇంటి ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు బియ్యంల వేస్తం. నాకు బిడ్డ లేదు. ఉన్నది వీడొక్కడే."

మా ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, బస్సులో తన సంచి ఇదేనని చూపించినట్టు నన్ను చూపించాడు. "గీమె ఉన్నది గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందయ్యా! బిళ్ల కోసం నన్ను దత్తతిస్తవా?"

ధనరాజ్ పకపకా నవ్వాడు. కస్తూరమ్మ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నీకు పుట్టింట్ల ఎవరు పోస్తరు బిడ్డా?" అని అడిగింది.

ఎవరు పోస్తారు? ఆడబిడ్డ కొంగులో ఒడిబియ్యం పోయాల్సింది పుట్టింటివాళ్లే. మాది ఇక్కడికి దగ్గరే, యాలాల్. మా నాయిన బీరయ్య గొర్లు కాసేవాడు. అమ్మా నాయినా నా పెళ్లికి ముందే పోయారు, తోడబుట్టినవాళ్లు లేరు. పెద్దమ్మ పెళ్లి చేసి, ఒక్కసారి ఒడిబియ్యం పోసి, ఆమె కూడా పోయింది. మా వాడకట్టు ఆడవాళ్లు అన్నదమ్ముల ఇళ్ల నుంచి పసుపు బియ్యం మూట కట్టుకొచ్చి, వండి అందరినీ పిలుస్తారు. నేనూ వెళ్లి తిని వస్తాను. బాగుందని చెప్పి వస్తాను. బాధ లేదంటే అబద్ధం, చాలా ఉంది.

"ఎవరు లేరమ్మా" అన్నాను.

"అయితె ఆదివారం రండి. శుక్కురారం లక్ష్మిని పంపం. కని ఒక్క మాట. పోసినంక బిడ్డంటె బిడ్డనే. మల్ల మాకేం సంబంధం లేదంటె ఊకోను."

తిరుగు బస్సులో మా ఆయన సంతోషం పట్టశక్యం కాలేదు. "ఒక్క గంట కూసుంటె అయిపాయె. బిళ్ల తీస్కోని వచ్చుడే!"

"నీకు గంటనే. నాకు గాదు" అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆదివారం దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించాడో లేదో నాకు అనుమానమే, ఆల్బమ్‌లో ఖాళీ గడిని తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం వెళ్లేసరికి పీటలు వేసి, ముగ్గు పెట్టి ఉంది. నాకు ఆకుపచ్చ చీర, ఆయనకు అంగీ గుడ్డ పెట్టారు. ఈయన జేబులో తెల్ల చేతి తొడుగులు పెట్టుకొచ్చాడు, బిళ్లను ముట్టుకోవడానికి! నా ఒడిలోకి వంగి అవి తొడుక్కుంటాడేమోనని నా ప్రాణం పోయింది.

ధనరాజ్, అతని భార్య రజిని దోసిళ్లతో బియ్యం పోశారు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు. కొంగు బరువెక్కుతుంటే నా కళ్లు మసకబారాయి. ఆపుకుందామంటే ఆగలేదు. ముసిముసి నవ్వులతో కూర్చున్న మా ఆయన పక్కకు తిరిగి నన్ను చూశాడు. నవ్వు ఆపేశాడు.

కస్తూరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. భర్త పోయినామె కదా, తాను పోయకూడదని దూరంగా ఉంది. "అమ్మ పొయ్యకపోతె గది ఒడిబియ్యమెట్లయితది?" అని నేను గట్టిగానే అన్నాను. రజిని లేచి అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

కస్తూరమ్మ డబ్బా మూత తీసింది. బిళ్ల తళుక్కుమని మెరిసింది. నా పక్కన మా ఆయన పీట మీది నుంచే ముందుకు వంగాడు.

"అమ్మా, బియ్యంల వేస్తె గీతలు పడ్తయే. డబ్బాతోనే సార్ చేతికియ్యి" అన్నాడు ధనరాజ్.

ముసలామె మా ఆయనను చూసింది. "చెప్పు నాయినా. డబ్బాల ఉంటె నీది. బియ్యంల పడితె నీ పెండ్లాందే. ఏం చెయ్యమంటవ్?"

ఈయన చెయ్యి జేబులోకి పోయింది. ఇక చేతి తొడుగులు బయటికొస్తాయి, నా పరువు తాండూరులో కలుస్తుంది అనుకున్నాను. చెయ్యి ఖాళీగానే బయటికొచ్చింది.

"ఆమె ఒడిలనే వెయ్యి అత్తమ్మా" అన్నాడు.

బిళ్ల పసుపు బియ్యంలో పడి కూరుకుపోయింది. పైనుంచి ఆమె రెండు దోసిళ్లు కూడా పోసింది.

మూట ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కొంతదూరం పోయాక ఈయన మెల్లగా అడిగాడు.

"గీతలు పడ్డయంటవా?"

"పడే ఉంటయి."

"మస్తు పడ్డయంటవా?"

"మస్తు. నెయ్యి గూడ అంటింది."

కాసేపు కళ్లు మూసుకున్నాడు. పాపం అనిపించింది. "పోనీ తీస్కో. ఖాళీ గడిల పెట్టుకో" అన్నాను.

"ఏ, వద్దు. నెయ్యి కారే బిళ్ల నా సెట్ల ఏం పడ్తది, రంగు కలవదు. నీ దగ్గర్నే ఉంచుకో" అని మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ గంటు అబద్ధమని నాకు తెలుసు.

ఇల్లు చేరి మూట దించానో లేదో ఫోన్ మోగింది.

"చేరినవా బిడ్డా?" అంది కస్తూరమ్మ. "బస్సుల సీటు దొర్కిందా? చీకటి పడ్డది, జర ఫికరైంది నాకు."

అంతే, ఇంకేం అడగలేదు. నేను ఇల్లు చేరానో లేదోనని పెద్దమ్మ పోయాక ఎవరూ అడగలేదు. ఆమె అవతల "బిడ్డా? బిడ్డా?" అంటూనే ఉంది.

మా ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"చేరింది అత్తమ్మా. జర ఏడుస్తున్నది, గంతే."